తార్నాకలో కాపురం, అమెరికాకు పన్ను: భార్యాభర్తల వలస వీసాకు కావలసిన రిటర్నులు

అమెరికా పౌరులు విదేశీయులైన భార్యను గాని భర్తను గాని శాశ్వత నివాసానికి తీసుకువెళ్లేటప్పుడు ఆ దేశ ప్రభుత్వం రెండు సంగతులు తేల్చుకుంటుంది. పెళ్లి నిజమైనదేనా? వచ్చే మనిషిని పోషించే స్తోమత పిలిచే మనిషికి ఉందా? మొదటిదానికి పెళ్లి ఫొటోలు, శుభలేఖ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అన్నీ కుటుంబాలు శ్రద్ధగా కూడబెడతాయి. రెండోదానికి జవాబు చెప్పేది అమెరికా ఆదాయపు పన్ను రిటర్ను. పిలిచే మనిషి, అంటే స్పాన్సర్, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకుంటుంటే ఆ కాగితం ఎలాగూ చేతిలో ఉంటుంది. స్పాన్సర్ హైదరాబాదులోనే ఉంటూ, రూపాయల్లో జీతం తీసుకుంటూ, అమెరికాకు ఒక్క రిటర్నూ వేయనివారైతే కేసు చిక్కుపడేది ఇక్కడే. ఈ వ్యాసం ప్రధానంగా అలాంటి స్పాన్సర్ల గురించి. ఇందులోని డాలర్ పరిమితులు 2024, 2025 సంవత్సరాలవి. వాటిలో చాలావరకు ఏటా మారుతుంటాయి.

క్యాంపస్, దాని చుట్టూ

అలాంటి స్పాన్సర్లు ఉండే చోట్లలో ఒకటి హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరం. ఆ విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అడిక్‌మెట్ ఆవరణలోని ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. 1964లో ఇదే ఆవరణలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వెలిసింది. ఇప్పుడు దాని పేరు ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్. అమెరికా సాహిత్యం, చరిత్ర చదవడానికి దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు ఇక్కడికి వచ్చేవారు, అమెరికా ఆచార్యులూ వచ్చి బోధించేవారు. క్యాంపస్ అంచు దాటితే తార్నాక, హబ్సిగూడ. ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధన సంస్థలు, జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ, ఇఫ్లూ విశ్వవిద్యాలయం అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. పోస్ట్‌డాక్ కోసం రెండు మూడేళ్లు అమెరికా వెళ్లి, అక్కడ బిడ్డ పుట్టాక తిరిగి వచ్చి స్థిరపడిన శాస్త్రవేత్తల, అధ్యాపకుల ఇళ్లు ఈ కాలనీల్లో ఉండటానికి కారణం అదే.

ఆ బిడ్డ అమెరికా గడ్డ మీద పుట్టింది కనుక అక్కడి రాజ్యాంగపు 14వ సవరణ ప్రకారం పుట్టుకతోనే అమెరికా పౌరురాలు. రెండేళ్ల వయసులో తార్నాక వచ్చి, ఇక్కడే బడికెళ్లి, ఓయూలో ఎమ్మెస్సీ చేసినా ఆ పౌరసత్వం పోదు. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి అలా పెరిగినవారి దగ్గర అమెరికా పాస్‌పోర్టు, దానితోపాటు విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటాయి. తొలి ఓసీఐ కార్డులను 2006 జనవరిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అందజేసింది హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే. ఈ అమ్మాయి తనతో చదివిన అబ్బాయిని పెళ్లి చేసుకుని, ఇద్దరూ అమెరికా వెళ్లాలనుకుంటే, చట్టం దృష్టిలో ఆమె స్పాన్సర్, అతను వలస వచ్చే విదేశీ భర్త. తనను తాను ఎన్నడూ ఎన్నారై అనుకోని మనిషికి ఇది వింతగా తోస్తుంది. చట్టం మాత్రం కాలిఫోర్నియాలో పుట్టి కాలిఫోర్నియాలోనే ఉన్న పౌరురాలికీ ఆమెకూ తేడా చూపదు.

కేసు నడిచే దారి ఇది. ముందు అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థకు ఐ-130 దరఖాస్తు వేయాలి. అది ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. పోషణ హామీ పత్రం ఐ-864, దానికి జతచేసే పన్ను కాగితాలు అడిగేది ఈ దశలోనే. ఆ తర్వాత ఇంటర్వ్యూ. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడ సొంత భవనానికి మారింది. కానీ వలస వీసా ఇంటర్వ్యూకు ముంబై కాన్సులేట్‌కు వెళ్లాలి. ఐ-130 వేసిన నాటికీ ఐ-864 అడిగే నాటికీ మధ్య నెలలు గడుస్తాయి. రిటర్నులు సరిచేసుకోవడానికి సరైన కాలం అదే. చాలా ఇళ్లలో ఆ కాలమంతా ఎదురుచూపులకే సరిపోతుంది. పన్ను మాట గుర్తుకొచ్చేది వీసా సెంటర్ నుంచి ఉత్తరం వచ్చాకే.

పౌరసత్వం వెంట నడిచే పన్ను

భారతదేశంతో సహా దాదాపు అన్ని దేశాలూ నివాసాన్ని బట్టి పన్ను వేస్తాయి. ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే మామూలుగా ఇక్కడి నివాసి. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా పర్వాలేదు. అమెరికా నివాసంతో పాటు పౌరసత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అంతర్యుద్ధ కాలంలో మొదలైన ఈ పద్ధతిని 1924లో కుక్ వర్సెస్ టైట్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు సమర్థించింది. విదేశాల్లో ఉండే పౌరుల మీద ఇలా పన్ను వేసే మరో దేశంగా సాధారణంగా చెప్పుకొనేది ఎరిత్రియానే.

భారత, అమెరికాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం 1989 సెప్టెంబరు 12న కుదిరింది. ఒప్పందం ఉంది కదా, ఇక్కడ పన్ను కడితే అక్కడ ఏమీ చేయనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. తన పౌరుల మీద తన చట్టం ప్రకారం పన్ను వేసే హక్కును అమెరికా ఆ ఒప్పందపు మొదటి అధికరణంలోనే అట్టిపెట్టుకుంది. ఒప్పందం రెండుసార్లు పన్ను కట్టే భారాన్ని తగ్గిస్తుంది. రిటర్ను వేసే బాధ్యతను తీసేయదు. ఐ-864 సూచనల పత్రం కూడా విదేశంలో నివాసం ఉండటం రిటర్ను నుంచి మినహాయింపు కాదని సూటిగా చెబుతుంది.

ఐ-864 ఏమి అడుగుతుంది

ఈ హామీ పత్రానికి మూలం 1996లో వచ్చిన వలస సంస్కరణల చట్టం. 1997 డిసెంబరు 19 నుంచి అమలులో ఉంది. అంతకుముందు ఇచ్చే హామీలకు కోర్టుల్లో పెద్దగా బలం ఉండేది కాదు. ఇప్పటిది స్పాన్సర్ మీద దావా వేయడానికి వీలున్న ఒప్పందం.

స్పాన్సర్ ఆదాయం అమెరికా పేదరికపు రేఖకు 125 శాతం ఉండాలి. సైన్యంలో పనిచేస్తూ భార్యనో భర్తనో పిలిచేవారికి 100 శాతం చాలు. 2025 లెక్కల ప్రకారం ఇద్దరున్న ఇంటికి పేదరికపు రేఖ 21,150 డాలర్లు. దానికి 125 శాతం అంటే 26,437 డాలర్లు. అలాస్కా, హవాయిలకు లెక్కలు వేరు. ఇంట్లో మనుషులు పెరిగేకొద్దీ, స్పాన్సర్ ఇంతకుముందు ఇంకెవరికైనా హామీ ఇచ్చి ఉంటే వారినీ కలిపి, మొత్తం పెరుగుతుంది.

పన్ను కాగితాల విషయంలో తప్పనిసరి అయినది అన్నిటికన్నా ఇటీవలి సంవత్సరపు ఫెడరల్ రిటర్ను. కేసుకు బలం చేకూరుతుందనుకుంటే గత మూడేళ్లవీ ఇవ్వవచ్చు. రాష్ట్ర రిటర్నులు అక్కర్లేదు. రిటర్ను నకలు ఇస్తే దానితో వేసిన షెడ్యూళ్లు, జీతం తెలిపే డబ్ల్యు-2, ఇతర ఆదాయానికి 1099 పత్రాలు అన్నీ జతచేయాలి. అందుకే అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఉచితంగా ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్ మేలు. అది ప్రభుత్వం దగ్గర నమోదైన లెక్క కనుక నకలు నిజమా కాదా అన్న ప్రశ్నే రాదు.

మూడేళ్లలో ఏ ఏడాదైనా రిటర్ను వేయవలసి ఉండి వేయకపోతే, ముందు ఆ పాత రిటర్నులు వేసి, ఆలస్యంగానైనా వేశామని చూపే ట్రాన్స్‌క్రిప్ట్ తెచ్చి, అప్పుడే ఐ-864 ఇవ్వాలి. ఆదాయం పరిమితి కన్నా తక్కువ కావడం వల్ల వేయనవసరం లేకపోతే, ఆ సంగతి కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పాలి. ఈ రెంటికీ మధ్య తేడాను స్పాన్సర్ నిజాయితీగా తేల్చుకోవాలి. ఐ-864 మీద సంతకం పెట్టడమంటే అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుని పెట్టడమే. వేయవలసిన ఏడాదిని వేయనక్కర్లేని ఏడాదిగా రాయడం ఆలస్యం కన్నా పెద్ద తప్పు.

ఇంకో చిన్న సంగతి. ఐ-864 మీద స్పాన్సర్ సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి. పసితనంలోనే తిరిగొచ్చిన కొందరికి పాస్‌పోర్టు ఉంటుంది గాని ఈ నంబరు ఉండదు, లేదా కార్డు ఎక్కడ పెట్టారో అమ్మానాన్నలకు గుర్తుండదు. విదేశాల్లో ఉన్నవారు దానికి ఎస్ఎస్-5-ఎఫ్ఎస్ దరఖాస్తు వేయాలి. అది లేకుండా రిటర్నూ వేయలేరు కనుక పని మొదలుపెట్టవలసింది అక్కడి నుంచే.

తార్నాక నుంచి రిటర్ను ఎలా తయారవుతుంది

మొదటి చిక్కు క్యాలెండరు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అమెరికాది జనవరి నుంచి డిసెంబరు దాకా. యాజమాన్యం ఇచ్చే ఫారం 16 చూసి అమెరికా రిటర్ను నింపితే అంకెలు తప్పుతాయి. జనవరి నుంచి మార్చి దాకా పే స్లిప్పులు ఒక ఆర్థిక సంవత్సరం నుంచి, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకావి మరో సంవత్సరం నుంచి తీసి కూడాలి. బ్యాంకు వడ్డీ, అద్దె, టీడీఎస్ అన్నీ అలాగే. తర్వాత డాలర్లలోకి మార్చాలి. ఐఆర్‌ఎస్ ప్రకటించిన 2024 సగటు డాలరుకు సుమారు 83.7 రూపాయలు.

రెండోది పెళ్లి హోదా. డిసెంబరు 31న ఉన్న హోదాయే ఏడాదంతటికీ వర్తిస్తుంది. డిసెంబరు 28న తార్నాక ఫంక్షన్ హాల్లో పెళ్లయినా ఆ ఏడాది మొత్తానికీ వివాహితులే. భర్త అమెరికా పౌరుడు కాక, గ్రీన్ కార్డూ లేకుండా ఇక్కడే ఉంటే అతను అమెరికా పన్ను చట్టం భాషలో నాన్ రెసిడెంట్ ఏలియన్. అప్పుడు స్పాన్సర్ మామూలుగా వివాహితులు విడిగా వేసే హోదాలో రిటర్ను వేయాలి. ఆ హోదాకు రిటర్ను వేయనవసరం లేని పరిమితి 5 డాలర్లు మాత్రమే. ఏడాది మొత్తానికి 5 డాలర్ల ఆదాయం వచ్చిందంటే రిటర్ను వేయాల్సిందే. ఒంటరి వ్యక్తికి 2024లో 14,600 డాలర్ల దాకా అవసరం లేదు. నిన్నటిదాకా అవసరం లేని మనిషికి పెళ్లి కాగానే రిటర్ను తప్పనిసరి అవుతుందన్నమాట. ఈ ఒక్క సంగతి తెలియక చిక్కుల్లో పడేవారే ఎక్కువ.

భర్తకు సోషల్ సెక్యూరిటీ నంబరు గాని ఐటిన్ అనే పన్ను నంబరు గాని లేకపోతే, విడిగా వేసే రిటర్నులో ఆ గడి దగ్గర నాన్ రెసిడెంట్ ఏలియన్ అని తెలిపే మూడక్షరాల సూచన రాస్తారు. మరో దారి కూడా ఉంది. ఇద్దరూ సంతకం చేసిన పత్రం జతచేసి, భర్తను పన్ను కోసం నివాసిగా ఎంచుకుని, ఉమ్మడి రిటర్ను వేయవచ్చు. దానికి డబ్ల్యు-7 దరఖాస్తుతో ఐటిన్ తీసుకోవాలి. భర్తకు ప్రపంచంలో ఎక్కడి నుంచి వచ్చిన ఆదాయమైనా చూపాలి. ఆ ఎంపిక ఒకసారి చేస్తే రద్దు చేసుకునే దాకా కొనసాగుతుంది. ఉమ్మడి రిటర్ను ఉన్నవారు ఐ-864లో తమ వాటా ఆదాయం ఎంతో జీతపు పత్రాలతో విడిగా చూపించాలి. స్పాన్సర్‌షిప్ వరకే ఆలోచించేవారికి విడిగా వేయడమే సులువు.

ఇక క్యాంపస్‌లో తరచూ ఎదురయ్యే ఫెలోషిప్ సంగతి. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం పక్కన పెడితే ఏడాదికి 4,44,000. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌గా భారత చట్టం దాన్ని పన్ను నుంచి మినహాయిస్తుంది. అమెరికా చట్టంలో ఫీజులకు, పుస్తకాలకు పోగా మిగిలిన ఫెలోషిప్ సొమ్ము పన్ను వేయదగిన ఆదాయమే. పై సగటు ప్రకారం అది సుమారు 5,300 డాలర్లు. 14,600 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్‌లో మొత్తం కలిసిపోతుంది కాబట్టి కట్టవలసిన పన్ను సున్నా. అయినా వివాహితురాలైన స్కాలర్ ఆ సున్నా రిటర్నును వేయాలి. భారతదేశంలో రిటర్ను వేయని మనిషి అమెరికాకు వేయడమేమిటని ఇంట్లో అడుగుతారు. ముంబైలో వీసా అధికారి అడిగేది మాత్రం ఆ రిటర్నునే.

జీతగాళ్లకు రెండు ఉపశమనాలు ఉన్నాయి. ఫారం 2555తో విదేశీ సంపాదనను 2024కు 1,26,500 డాలర్ల దాకా, 2025కు 1,30,000 డాలర్ల దాకా మినహాయించుకోవచ్చు. దీనికి పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉండటమో, ఏడాది పొడవునా విదేశంలో నికరమైన నివాసం ఉండటమో చూపాలి. రెండోది ఫారం 1116తో భారతదేశంలో కట్టిన పన్నుకు తగ్గింపు తీసుకోవడం. మినహాయింపు తనంతట తాను రాదు. రిటర్ను వేసి అడిగితేనే వస్తుంది. నా జీతం అంత లేదు కదా, నేను వేయనక్కర్లేదు అనుకోవడం ఈ విషయంలో సర్వసాధారణమైన పొరపాటు. స్పాన్సర్‌కు ఇందులో మరో మెలిక ఉంది. 2555 వాడితే రిటర్నులో మొత్తం ఆదాయం గడిలో మినహాయింపు పోగా మిగిలిన అంకె, చాలాసార్లు సున్నా, కనిపిస్తుంది. పన్ను తగ్గింపు పద్ధతి వాడితే జీతం మొత్తం అక్కడ కనిపిస్తుంది. ఇక్కడి జీతం మీద తగినంత పన్ను కోత పడుతున్న ఉద్యోగికి రెండో పద్ధతితోనూ అమెరికాకు కట్టవలసింది తరచూ ఏమీ ఉండదు. పైగా కాగితం చదివే అధికారికి తికమక ఉండదు. మొదటి పద్ధతి వాడితే ఫారం 2555 నకలు, చిన్న వివరణ జతచేయడం మంచిది.

ఫెలోషిప్ సొమ్ము పని చేసినందుకు ఇచ్చిన జీతం కాదు కనుక 2555 మినహాయింపు సాధారణంగా దానికి వర్తించదని గుర్తుంచుకోవాలి. అలాగే క్యాంపస్‌కు రెండేళ్ల లోపు బోధనకో పరిశోధనకో వచ్చే అమెరికా ఆచార్యులకు ద్వంద్వ పన్ను ఒప్పందపు 22వ అధికరణం భారతీయ పన్ను నుంచి మినహాయింపు ఇస్తుంది. ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి అమెరికాలో తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు. అలాంటివారు ఇక్కడ పెళ్లి చేసుకుని భార్యను తీసుకువెళ్లేటప్పుడు రిటర్నులో పన్ను నిజంగానే కట్టవలసి రావచ్చు.

అందరికన్నా బరువు మోసేది సొంతంగా పని చేసుకునేవారు. ఇంట్లో కూర్చుని ట్యూషన్లు, అనువాదాలు, సాఫ్ట్‌వేర్ పనులు చేసేవారి నికర ఆదాయం 400 డాలర్లు దాటితే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను పడుతుంది. 2555 దాన్ని తగ్గించదు, భారతదేశంలో కట్టిన ఆదాయపు పన్నూ తగ్గించదు. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం ఉంటే ఇది తప్పేది. భారత, అమెరికాల మధ్య అది అమలులో లేదు. ఏడాదికి 10 లక్షల రూపాయలు నికరంగా సంపాదించే మనిషికి ఈ పన్ను ఒక్కటే దాదాపు 1,690 డాలర్లు. ఈ సంగతి ముందే తెలిస్తే కనీసం ఆ డబ్బు పక్కన పెట్టుకోవచ్చు.

గడువు ఏప్రిల్ 15. విదేశాల్లో ఉన్నవారికి అడక్కుండానే జూన్ 15 దాకా, ఫారం 4868 వేస్తే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంది. పన్ను కట్టవలసి ఉంటే దానిమీద వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే లెక్క. ఇంటర్వ్యూ వేసవిలో పడితే, పొడిగింపులో ఉన్న రిటర్నుకు బదులు అంతకుముందు ఏడాది రిటర్నుతో పాటు పొడిగింపు కాగితం చూపవలసి వస్తుంది. స్పాన్సర్‌షిప్ నడుస్తున్న ఏడాది పొడిగింపు వాడుకోకుండా ఉండటమే తెలివైన పని.

బ్యాంకు ఖాతాల నివేదిక

రిటర్నుతో పాటు మరో కాగితం ఉంది, విదేశీ బ్యాంకు ఖాతాల నివేదిక ఎఫ్‌బార్. అది పన్ను రిటర్ను కాదు. ఖజానా శాఖలోని వేరే విభాగానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే నివేదిక. అమెరికా వెలుపల ఉన్న ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే వేయాలి. సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, డీమ్యాట్ అన్నీ లెక్కలోకి వస్తాయి. పెద్దవాళ్ల ఖాతాలో పేరు కలిపి ఉన్నా అదీ వస్తుంది. తండ్రి పదవీ విరమణ డబ్బు కూతురి పేరు కూడా కలిపి ఎఫ్‌డీ వేసి ఉంటే, అందులో ఒక్క రూపాయీ ఆమెది కాకపోయినా చూపాలి. దీనితోపాటు విదేశాల్లో ఉండి విడిగా రిటర్ను వేసేవారికి ఆస్తులు ఏడాది చివర 2,00,000 డాలర్లు, లేదా మధ్యలో ఎప్పుడైనా 3,00,000 డాలర్లు దాటితే ఫారం 8938 కూడా ఉంటుంది. భారతీయ మ్యూచువల్ ఫండ్లకు సాధారణంగా ఫారం 8621 అనే వేరే, బాగా చిక్కైన లెక్క ఉంది.

ఐ-864 ఎఫ్‌బార్‌ను అడగదు. కానీ ఆదాయం చాలక ఆస్తులు చూపేటప్పుడు బ్యాంకు నిల్వలు అదే ఫైలులో పెడతారు. ఒక ప్రభుత్వ కాగితంలో ఉన్న డబ్బు మరో ప్రభుత్వ కాగితంలో లేకపోవడం మంచిది కాదు. పైగా 2015 జులై 9న రెండు దేశాలూ ఫాట్కా ఒప్పందం చేసుకున్నాక, అమెరికా పౌరుల ఖాతాల వివరాలు భారతీయ బ్యాంకుల నుంచి ఆ దేశానికి వెళుతున్నాయి.

పాత బాకీ తీర్చడం

ఇరవై ఐదేళ్ల వయసులో మొదటిసారి ఈ సంగతి విన్నవారు బెంబేలెత్తనక్కర్లేదు. కావాలని దాచనివారికి ఐఆర్‌ఎస్ స్ట్రీమ్‌లైన్డ్ అనే పద్ధతి పెట్టింది. 2012లో మొదలైన దీన్ని 2014లో విస్తరించారు. గత మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు వేసి, తెలియక జరిగిందని వివరిస్తూ ఫారం 14653 మీద సంతకం చేయాలి. ఆ మూడేళ్లలో కనీసం ఒక ఏడాదైనా 330 రోజులు అమెరికా బయట ఉండి, అక్కడ ఇల్లు లేకుండా ఉన్నవారికి జరిమానాలు ఉండవు. పన్ను బాకీ ఉంటే పన్ను, వడ్డీ మాత్రమే. ఈ పద్ధతి అడిగే మూడేళ్లూ ఐ-864 ప్రస్తావించే మూడేళ్లూ దాదాపు కలిసిపోతాయి కనుక ఒకే కష్టంతో రెండు పనులూ తీరతాయి. అయితే ఈ రిటర్నులను ఐఆర్‌ఎస్ నమోదు చేసి ట్రాన్స్‌క్రిప్ట్ ఇవ్వడానికి నెలలు పట్టవచ్చు. ఐ-130 వేసిన వారమే వీటినీ మొదలుపెట్టాలి.

చాలని ఆదాయం, అక్కడ లేని నివాసం

రిటర్ను ఉన్నంత మాత్రాన ఆదాయం సరిపోయినట్టు కాదు. తార్నాక జీతం అమెరికా విమానం ఎక్కగానే ఆగిపోతుంది. కొనసాగని ఆదాయం అధికారి లెక్కలో నిలవదు. అమెరికాలో ఉద్యోగ నియామక పత్రం ఉండటం, ఇక్కడి సంస్థే అక్కడి నుంచి పని చేయనివ్వడం వంటివి బలమైన ఆధారాలు. ఫెలోషిప్‌తో ఉన్న స్కాలర్‌కు 26,437 డాలర్లకు సుమారు 21,100 తక్కువ. ఆ లోటును ఆస్తులతో పూడ్చవచ్చు. పౌరుల భార్యాభర్తల విషయంలో లోటుకు మూడు రెట్ల ఆస్తి చూపితే చాలు. చాలా ఇతర బంధువుల విషయంలో ఐదు రెట్లు. మూడు రెట్లంటే 63,300 డాలర్లు, ఇక్కడి లెక్కలో దాదాపు 53 లక్షల రూపాయలు. ఆస్తి ఏడాదిలోపు నగదుగా మారేదై ఉండాలి, దేశం దాటించడానికి వీలుండాలి. హబ్సిగూడలో ఫ్లాటు ఉంటే దాని విలువ మదింపు, అప్పుల వివరాలు ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు పథకం కింద భారత నివాసి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపవచ్చు కాబట్టి ఇది సాధ్యమేనని చూపడానికి ఆ నిబంధన పనికొస్తుంది.

స్పాన్సర్‌కు అమెరికాలో నివాసం ఉండాలన్నది మరో షరతు. విదేశంలో ఉన్నవారు తాత్కాలికంగానే బయట ఉన్నట్టో, భర్త అక్కడ అడుగుపెట్టే రోజుకల్లా తామూ అక్కడ స్థిరపడబోతున్నట్టో చూపాలి. బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, ఉద్యోగ ప్రయత్నాలు, పిల్లల బడి వంటివి ఆధారాలు.

ఆదాయమూ ఆస్తీ చాలకపోతే సహ స్పాన్సర్ కావాలి. డాలస్‌లో బాబాయినో న్యూజెర్సీలో మేనమామనో అడగడం మన ఇళ్లలో మామూలు. ఆయన పౌరుడో గ్రీన్ కార్డుదారో అయి, అక్కడే నివసిస్తూ, 18 ఏళ్లు నిండినవాడై ఉండాలి. తన రిటర్ను, జీతపు పత్రాలు ఇవ్వాలి. ఆయన వచ్చినా అసలు స్పాన్సర్ తన ఐ-864, తన రిటర్ను ఇవ్వక తప్పదు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అడిగేవారు అది కేవలం ఒక సంతకమని చెప్పి అడగకూడదు. బాబాయి తన జీతం వివరాలు బయటపెట్టడంతో పాటు, ఏళ్ల తరబడి సాగే చట్టబద్ధమైన బాధ్యత మోస్తున్నాడు. అది తెలిసి ఒప్పుకున్న మనిషి సంతకమే కుటుంబాలకు మంచిది.

స్పాన్సర్ పౌరురాలు కాక గ్రీన్ కార్డుదారు అయితే ప్రమాదం వేరు. గ్రీన్ కార్డుతో తార్నాకలో ఏళ్లు గడుపుతూ, పన్ను తగ్గుతుందని నాన్ రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్ఆర్ వేస్తే, నేను అక్కడి నివాసిని కానని తన చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది. గ్రీన్ కార్డే పోతే స్పాన్సర్‌షిప్ మాటే ఉండదు.

ఇతర దేశాలు

బ్రిటన్ జీవిత భాగస్వామి వీసాకు 2012 నుంచి ఏడాదికి 18,600 పౌండ్లు, 2024 ఏప్రిల్ నుంచి 29,000 పౌండ్ల ఆదాయం అడుగుతోంది. అక్కడ ముఖ్యం పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. సొంత వ్యాపారులకే పన్ను పత్రాలు. కెనడాలో భార్యాభర్తల విషయంలో సాధారణంగా కనీస ఆదాయపు గీత లేదు. పౌరులు విదేశం నుంచి పిలవవచ్చు గాని తిరిగి వచ్చి అక్కడ ఉంటామని చూపాలి, శాశ్వత నివాసులకు ఆ వీలు లేదు. భారతీయుల విదేశీ భార్యాభర్తలు పెళ్లి నమోదై రెండేళ్లు నిండాక ఓసీఐకి దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి పన్ను రిటర్ను షరతు లేదు.

హామీ ఎంతకాలం

ఐ-864 బాధ్యత వీసా రావడంతో ముగియదు. వచ్చిన మనిషి అమెరికా పౌరసత్వం పొందడం, సామాజిక భద్రత లెక్కలో 40 త్రైమాసికాల పని జమ కావడం, దేశం వదిలి శాశ్వత నివాస హోదా కోల్పోవడం, మరణించడం. వీటిలో ఏదో ఒకటి జరిగితేనే తీరుతుంది. స్పాన్సర్ మరణించినా ఆగుతుంది. విడాకులతో మాత్రం ఆగదు. పరాయి దేశంలో కాపురం చెడి, పని దొరకక నిలిచిన స్త్రీ ఈ హామీ ఆధారంగా మాజీ భర్త మీద ఫెడరల్ కోర్టులోనో రాష్ట్ర కోర్టులోనో పోషణ కోరవచ్చు. పేదరికపు రేఖకు 125 శాతం దాకా ఆమెకు హక్కు. ఇక్కడి నుంచి వెళ్లే ప్రతి అమ్మాయీ ఆ సంతకం చేసిన పత్రం నకలు ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి. అమ్మాయిని సాగనంపే తల్లిదండ్రులకు పాస్‌పోర్టు, సర్టిఫికెట్లతో పాటు గుర్తుండవలసిన కాగితం ఇది. బాధ్యత ఉన్నంతకాలం స్పాన్సర్ ఇల్లు మారినప్పుడల్లా 30 రోజుల్లో ఐ-865 ద్వారా కొత్త చిరునామా తెలపాలి. తెలపకపోతే జరిమానా 250 నుంచి 2,000 డాలర్లు. వచ్చిన మనిషి ప్రభుత్వ సాయం పొందుతున్నట్టు తెలిసీ తెలపకపోతే 5,000 డాలర్ల దాకా ఉంటుంది.